ఆఫీసులో కేబుల్ నెట్‌వర్క్ ఆగిపోయినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో తెలుగువారు నడుపుతున్న, లేదా తెలుగువారు లెక్కలు చూస్తున్న చిన్న ఆఫీసుల నుంచి ఒకే రకమైన సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటిని ఒకచోట చేర్చడమైనది. ఇవి ఐదారు నుంచి ముప్పై వరకు కంప్యూటర్లు, ఒకటి రెండు స్విచ్‌లు (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు), ఒక రౌటరు (ఆఫీసును బయటి ఇంటర్నెట్ లైనుతో కలిపే పెట్టె) ఉన్న ఆఫీసులకు సంబంధించినవి. ఇటువంటి చోట్ల నెట్‌వర్క్ చూసే మనిషి ఆఫీసులో ఉండడు. పట్టణం నుంచి రావాలి, వచ్చేసరికి పూట గడుస్తుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కంప్యూటర్లలో విండోస్ 10 లేదా 11 ఉన్నదనే లెక్కతో రాశాం.

## మొదటి ఐదు నిమిషాలు

నెట్ రావడం లేదు. అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

కంప్యూటరు వెనుక కేబుల్ గుచ్చిన చోట ఉండే చిన్న లైట్లను చూడండి. రెండూ ఆరిపోయి ఉంటే లోపం కేబుల్‌లోనో, గోడ మీది పెట్టెలోనో, స్విచ్ పోర్టులోనో, కంప్యూటరు పోర్టులోనో ఉన్నట్టు. అప్పుడు సెట్టింగులు మార్చి ప్రయోజనం లేదు. ఒక లైటు నిలకడగా వెలుగుతూ రెండోది మినుకుమినుకుమంటుంటే తీగ కలిసే ఉందని, సందేహించవలసింది ఐపీ చిరునామానో (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటరును గుర్తించే అంకె), రౌటరునో, బయటి లైనునో అని అర్థం. లైట్ల రంగులు తయారీదారును బట్టి మారుతాయి కనుక పచ్చగా ఉందా, పసుపుగా ఉందా అన్నది పట్టించుకోనక్కరలేదు. ఈ ఒక్క పరీక్షతో సగం శ్రమ తప్పుతుంది. అయినా చాలామంది దీన్ని వదిలేసి ముందు రౌటరు మీద పడతారు.

లోపం నా ఒక్క కంప్యూటరుదా, ఆఫీసు మొత్తానిదా? ఎలా తెలుసుకోవాలి?

పక్క సీటులో ఉన్నవారిని అడగండి. వారికి వస్తూ మీకు రాకపోతే, వారి కేబుల్‌ను తీసి మీ కంప్యూటరుకు పెట్టి చూడండి. వస్తే మీ కేబుల్ వైపు లోపం, రాకపోతే మీ కంప్యూటరు లోపం. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కేబుల్, పోర్టు, ఐపీ మూడూ ఒకే ఊపులో మార్చేస్తే పని అయినా దేనివల్ల అయిందో తెలియదు, వారం తిరగకుండా అదే లోపం మళ్లీ వస్తుంది.

కింద మూల గ్లోబు బొమ్మ కనిపిస్తోంది. అంటే కేబుల్ పోయినట్టేనా?

తప్పనిసరిగా కాదు. కేబుల్ ఊడినా ఆ బొమ్మ వస్తుంది, కేబుల్ బాగుండి ఇంటర్నెట్ అందకపోయినా వస్తుంది. విండోస్ అప్పుడప్పుడు మైక్రోసాఫ్ట్ సర్వరును పలకరించి చూస్తుంది; జవాబు రాకపోతే ఇంటర్నెట్ లేదని తేల్చేస్తుంది. అటువంటప్పుడు కూడా ఆఫీసులోని ప్రింటరు, లెక్కలు రాసే టాలీ మామూలుగా పనిచేస్తూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ పేజీ తెరిస్తే కేబుల్ అసలు కలిసి ఉన్నదీ లేనిదీ స్పష్టంగా తెలుస్తుంది.

రౌటరు వెనుక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయమని చెబుతున్నారు. చేయవచ్చా?

చేయకండి. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సెట్టింగులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పిన్ను గుచ్చి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రౌటరు కొన్ననాటి స్థితికి వెళ్లిపోతుంది: బయటి లైను కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్, ప్రింటరుకు కేటాయించిన ఐపీ, వైఫై పేరు అన్నీ చెరిగిపోతాయి. అవన్నీ కాగితం మీద రాసి ఉంచుకున్న ఆఫీసులు చాలా తక్కువ. ఒక కంప్యూటరుకు వచ్చిన చిన్న లోపం ఆఫీసంతటికీ పాకేది తరచుగా ఈ పిన్నుతోనే.

## కేబుల్, కనెక్టర్, గోడ పెట్టె

కేబుల్ కదిలిస్తే నెట్ వస్తుంది, వదిలేస్తే పోతుంది. కొత్త కేబుల్ కొనాలా?

ముందు కనెక్టరు మీది ప్లాస్టిక్ నాలుకను చూడండి. గుచ్చినప్పుడు టక్కుమని పట్టుకోవలసింది ఆ నాలుకే; అది విరిగితే కనెక్టరు లోపలే ఉన్నట్టు కనిపిస్తూనే వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. కుర్చీ చక్రం తగిలినా, ఊడ్చేవారు కేబుల్ కాస్త లాగినా లైటు ఆరిపోతుంది. మొత్తం కేబుల్ మార్చనక్కరలేదు. ఆ చివర కోసి కొత్త కనెక్టరు క్రింప్ చేయిస్తే (తీగల మీద నొక్కి బిగిస్తే) సరిపోతుంది. గోపాలపురం వైపు సముద్రపు గాలి తగిలే ఆఫీసుల్లో నాలుక బాగానే ఉండి, లోపలి రేకుల మీద పచ్చటి చిలుము పట్టడం కూడా చూస్తాం. అటువంటి కనెక్టరును గీకి శుభ్రం చేసి మళ్లీ వాడడం కంటే మార్చడమే మేలు.

క్రింపింగ్‌లో రెండు చివరలా ఒకే వరుస ఉంటే చాలు కదా? టెస్టరులో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, అయినా నెట్ సరిగా రాదు.

చాలదు. బజారులో దొరికే చవక లాన్ టెస్టరు ఈ చివరి ఒకటో తీగ ఆ చివరి ఒకటో తీగకు తగిలిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. సంకేతం ఎంత శుభ్రంగా వెళ్తోందో చెప్పదు. కేబుల్‌లోని ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. ఒక సంకేతం ఒకే జతలోని రెండు తీగల మీద వెళ్లినప్పుడే పక్క జతల రొద, బయటి రొద ఆ మెలిక వల్ల రద్దవుతాయి.

కనెక్టరులో మూడో, ఆరో స్థానాలు రెండూ ఒక జతకు చెందాలి. తెలియనివారు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అంటూ చూడముచ్చటగా వరుసగా పెట్టేస్తారు. అప్పుడు మూడో స్థానంలో ఆకుపచ్చ జత తీగ, ఆరో స్థానంలో నీలం జత తీగ పడి, ఒకే సంకేతం రెండు వేర్వేరు జతల మీద చీలిపోతుంది. టెస్టరు ఎనిమిది లైట్లూ వెలిగించి తృప్తిపరుస్తుంది. దగ్గరి దూరంలో పని కూడా నడుస్తుంది. కేబుల్ పొడవైనా, పెద్ద ఫైలు పంపినా తడబడుతుంది.

సాధారణంగా వాడే 568బి వరుస ఇది. కనెక్టరు నాలుక కిందికి, రేకులు పైకి, తీగ దూరే వైపు మీకు దగ్గరగా ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలికలను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పై తొడుగు కనెక్టరు లోపలికి వెళ్లి, క్రింప్ చేసినప్పుడు వెనుక ప్లాస్టిక్ బిళ్ల దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఎనిమిది సన్నటి తీగలు బయటికి కనిపిస్తూ తొడుగు వెనకే ఆగిపోయిన కనెక్టరు ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. మీ ఎదురుగానే మళ్లీ చేయించండి.

ఇంతకుముందు 1000 ఎంబీపీఎస్ చూపించేది, ఇప్పుడు 100 అంటోంది. రౌటరు పాడైందా?

చాలావరకు కాదు. 100 ఎంబీపీఎస్ వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. 1000కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోగాని గోధుమ జతలోగాని ఒక్క తీగ తెగినా, క్రింపింగ్‌లో సరిగా తగలకపోయినా రెండు వైపుల పరికరాలు తమలో తాము ఒప్పందం చేసుకుని 100కి దిగిపోతాయి. కేబుల్ మార్చి, సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ పేజీలో లింక్ స్పీడ్ అనే వరుస చూడండి. అప్పటికీ 100 దాటకపోతే మధ్యలో ఎక్కడో పాతకాలపు 100 స్విచ్ ఉన్నదేమో బల్ల కింద వెతకండి.

కేబుల్ ఎంత దూరం వరకు లాగవచ్చు? గోదాము రోడ్డుకు అవతల ఉంది.

రాగి కేబుల్‌కు పరిమితి 100 మీటర్లు. గోడల్లో స్థిరంగా వేసే కేబుల్ 90 మీటర్లు, రెండు చివరలా వాడే ప్యాచ్ కార్డులు (పొట్టి కేబుళ్లు) కలిపి 10 మీటర్లు అన్నది మామూలు లెక్క. మెట్లు, మూలమలుపులు, పైకప్పు మీద చుట్టు తిరగడం అన్నీ ఇందులోకే వస్తాయి. రోడ్డుకు అవతలి భవనానికైతే దూరం తక్కువైనా రాగి వద్దు, ఫైబర్ వేయించండి. రెండు భవనాల ఎర్తింగ్‌లో తేడా ఉంటుంది, పైగా ఆరుబయట వేలాడే రాగి తీగ పిడుగు ప్రభావాన్ని నేరుగా స్విచ్‌లోకి తెస్తుంది.

సగం ధరకే దొరికే కేబుల్ చుట్ట కొన్నాం. తేడా ఏముంటుంది?

చవక కేబుల్‌లో చాలావరకు తీగ అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. ఇది ప్రమాణాల ప్రకారం క్యాట్ 5ఈ, క్యాట్ 6 రకం కేబుల్ అనిపించుకోదు, తొడుగు మీద ఏమి అచ్చువేసినా సరే. నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలకు వాడితే వేడెక్కుతుంది. గోడలోపల వేసే కేబుల్‌కు మాత్రం అసలైన రాగి తప్ప మరొకటి వాడవద్దు. మళ్లీ గోడ పగలగొట్టించే కూలి ఆ మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు.

ఎలుకలు కొరికాయి. టేపు చుట్టి కలిపితే సరిపోతుందా?

ఆ పూటకు పని నడపడానికి సరిపోవచ్చు, అంతే. మెలిక విప్పి చుట్టిన చోట సంకేతం దెబ్బతింటుంది. ఆ ముక్క మొత్తం మార్చి, కొత్తదాన్ని గట్టి పైపులో వేయించండి. ధాన్యం, పిండి నిల్వ ఉండే మిల్లు ఆఫీసుల్లో పైపు లేకుండా కేబుల్ వేయడమే పొరపాటు.

## లైటు వెలుగుతోంది, పని మాత్రం జరగదు

నా ఐపీ 169.254తో మొదలవుతోంది. ఇదేమిటి?

మీ కంప్యూటరు చిరునామా ఇమ్మని అడిగింది, ఎవరూ ఇవ్వలేదు, అందుకని తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఆఫీసులో ఐపీలు పంచిపెట్టేది సాధారణంగా రౌటరే. మీ ఒక్కరికే ఇలా ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ రిలీజ్ (ipconfig /release), ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ రెన్యూ (ipconfig /renew) ఆజ్ఞలు ఇవ్వండి. రెండు ఆజ్ఞల్లోనూ రెండో మాటకు ముందు ఏటవాలు గీత ఉండాలి. అందరికీ ఇలాగే ఉంటే రౌటరు ఆగిపోయిందనో, స్విచ్ నుంచి రౌటరుకు వెళ్లే కేబుల్ ఊడిందనో అర్థం.

ఐపీ సరిగానే ఉంది, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోవడం లేదు. లోపం ఎక్కడ?

దగ్గరి నుంచి దూరానికి పింగ్ చేస్తూ (కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని, పక్కన చిరునామా రాసి జవాబు వస్తుందేమో చూస్తూ) వెళ్లండి. మొదట గేట్‌వే, అంటే రౌటరు చిరునామా. చాలా ఆఫీసుల్లో అది 192.168.1.1 వంటిది, మీది ఐపీకాన్ఫిగ్ (ipconfig) ఆజ్ఞ చూపిస్తుంది. జవాబు రాకపోతే లోపం ఆఫీసులోనే ఉంది. వస్తే బయట ఉన్న గూగుల్ సర్వరు చిరునామా 8.8.8.8 చూడండి. దానికి రాకపోతే చాలావరకు బయటి లైను లోపం. రెండింటికీ వచ్చి పేర్లతో సైట్లు తెరుచుకోకపోతే పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. ఈథర్నెట్ సెట్టింగులో ఎవరైనా పాత డీఎన్ఎస్ అంకె చేత్తో రాసి వదిలేశారేమో చూసి, ఆటోమేటిక్‌కు మార్చండి.

అన్ని సైట్లూ 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటున్నాయి. పక్కవారికి బాగానే ఉంది.

గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి కనుక తప్పు తేదీ ఉన్న కంప్యూటరు వాటిని నమ్మదు. తేదీ సరిచేయండి, బ్యాటరీ మార్పించండి. ఇది నెట్‌వర్క్ లోపమే కాదు, అయినా నెట్‌వర్క్ మనిషినే పిలుస్తారు.

'ఐపీ కాన్‌ఫ్లిక్ట్' అని వస్తోంది.

ఒకే చిరునామా రెండు పరికరాలకు పడింది. ప్రింటరుకో, హాజరు యంత్రానికో, కెమెరా డబ్బాకో చేత్తో ఇచ్చిన ఐపీనే రౌటరు మరొకరికి పంచి ఉంటుంది. చేత్తో ఇచ్చే అంకెలు రౌటరు పంచే పరిధిలో లేకుండా చూసుకుంటే ఇది మళ్లీ రాదు.

కాసేపు సీటు వదిలి వస్తే నెట్ పోతుంది, కేబుల్ తీసి పెడితే వస్తుంది.

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటరుకు అనుమతి ఇచ్చే టిక్కు తీసేయండి.

## ఆఫీసంతా ఒకేసారి ఆగినప్పుడు

స్విచ్ మీది లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు మెరుస్తున్నాయి, ఎవరికీ ఏదీ రావడం లేదు. స్విచ్ కాలిపోయిందా?

దాదాపు ఎప్పుడూ ఇది లూపే. ఒక కేబుల్ రెండు చివరలూ ఒకే స్విచ్‌లో గుచ్చి ఉంటాయి, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పడి ఉంటాయి. ఆఫీసు శుభ్రం చేసినప్పుడో, బల్లలు జరిపినప్పుడో కింద వేలాడుతున్న కేబుల్ చివరను ఎవరో మంచి ఉద్దేశంతోనే ఖాళీ పోర్టులో పెట్టేస్తారు. అందరినీ ఉద్దేశించి పంపే సందేశం ఆ వలయంలో పడితే ఇక ఆగదు; ఇన్నిసార్లు తిరిగాక ఆగిపొమ్మనే లెక్క ఈథర్నెట్ సందేశానికి ఉండదు. క్షణాల్లో లైను మొత్తం అవే నిండిపోతాయి.

స్విచ్ నుంచి కేబుళ్లను ఒక్కొక్కటిగా తీస్తూ లైట్లను గమనించండి. ఏ కేబుల్ తీసినప్పుడు గోల అణగిందో అదే దోషి. దాని రెండో చివర ఎక్కడుందో వెతికి పట్టుకోండి. ఖరీదైన మేనేజ్డ్ స్విచ్‌లు లూపును కనిపెట్టి పోర్టును మూసేయగలవు. చిన్న ఆఫీసుల్లో ఉండే ఐదు, ఎనిమిది పోర్టుల మామూలు స్విచ్‌లలో చాలావాటికి ఆ తెలివి లేదు.

కొందరికి 192.168.1తోనూ, కొందరికి 192.168.0తోనూ ఐపీలు వస్తున్నాయి. ఉదయం బాగానే ఉంది.

ఎవరో ఇంటి నుంచి పాత వైఫై రౌటరు తెచ్చి తమ బల్ల దగ్గర గుచ్చారు. అది కూడా చిరునామాలు పంచడం మొదలుపెట్టింది. అడిగిన కంప్యూటరుకు ఏ రౌటరు ముందు పలికితే దానిదే చలామణి అవుతుంది, అందుకే సగం మంది దారి తప్పారు. దాన్ని తీసేసి, దెబ్బతిన్న కంప్యూటర్లను రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. ఫోన్లకు వైఫై నిజంగా అవసరమైతే అదే రౌటరును వాడుకోవచ్చు: ముందు దానిలో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపి, ఆఫీసు వరుసలో ఖాళీ ఐపీ ఒకటి దానికి ఇచ్చి, ఆ తర్వాత కేబుల్‌ను వాన్ (WAN, బయటి లైను) పోర్టులో కాక లాన్ (LAN, ఆఫీసు కేబుళ్ల) పోర్టులో పెట్టాలి.

ఇంటర్నెట్ వస్తోంది, టాలీ ఉన్న మెయిన్ కంప్యూటరు మాత్రం దొరకడం లేదు.

మూడు కారణాలు తరచుగా కనిపిస్తాయి. మెయిన్ కంప్యూటరు నిద్రలోకి జారుకుని ఉంటుంది. లేదా దాని ఐపీ మారి ఉంటుంది. రౌటరులో ఆ కంప్యూటరుకు ఒక ఐపీని శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ తీరుతుంది. మూడోది, విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కించి పంచుకునే ఫోల్డర్లను దాచేసి ఉంటుంది. ఈథర్నెట్ పేజీలో ప్రైవేట్‌కు మార్చండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

ప్రింటరు ఆఫ్‌లైన్ అంటోంది.

ప్రింటరు నుంచే సెట్టింగుల కాగితం ఒకటి తీసి, అందులో ఉన్న ఐపీని కంప్యూటరులో ప్రింటరు పోర్టుకు ఇచ్చిన ఐపీతో పోల్చండి. తేడా ఉంటే కంప్యూటరులో సరిచేసి, రౌటరులో ఆ ఐపీని ప్రింటరుకే కేటాయించండి.

## కరెంటు, పిడుగులు, తుఫాను

కరెంటు పోయి వచ్చాక అన్నీ ఆన్ అయినా నెట్ రాదు. ఎందుకు?

అన్నీ ఒకేసారి లేచినప్పుడు రౌటరు సిద్ధం కాకముందే కంప్యూటర్లు చిరునామా అడిగి, దొరక్క ఊరుకుంటాయి. అన్నీ ఆపి, ముందు ఫైబర్ డబ్బా (బయటి ఫైబర్ లైను వచ్చి చేరే పెట్టె), దాని లైట్లు నిలకడపడ్డాక రౌటరు, ఆ తర్వాత స్విచ్, చివరికి కంప్యూటర్లు ఆన్ చేయండి. ఈ మూడు పెట్టెలకు కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ వరుసతో పనే ఉండదు. వాటికి పట్టే కరెంటు చాలా తక్కువ.

ఉరిమినప్పుడు కేబుళ్లు పీకాలా? ఫైబర్ వచ్చింది కనుక భయం లేదంటున్నారు.

కాలబైశాఖి గాలివానలు ఇక్కడ వేసవిలో సాయంత్రం పూట కమ్ముకొస్తాయి కనుక మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గర పడకముందే పీకండి. ఉరుముతుండగా కేబుళ్లను ముట్టుకోవద్దు. ఫైబర్ గాజు పోగు కరెంటును మోయదన్నది నిజమే, కానీ ఆ పోగుకు బలం కోసం కొన్ని కేబుళ్లలో ఉక్కు తీగ ఉంటుంది. ఫైబర్ డబ్బాకు కరెంటు ప్లగ్గు ఎలాగూ ఉంటుంది. కాబట్టి ప్లగ్గులు తీయడం ఒక్కటే చాలదు, రౌటరు నుంచి స్విచ్‌కు వెళ్లే కేబుల్ కూడా తీయాలి. ఆఫీసులో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు.

పిడుగు పడ్డ మర్నాడు స్విచ్‌లో ఒకటి రెండు పోర్టులే చచ్చిపోయి మిగిలినవి పనిచేయడం మామూలే. ఆ స్విచ్‌ను నమ్మి ఉంచవద్దు, మెల్లగా మిగతా పోర్టులూ పోతాయి.

తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆఫీసు మూసేముందు ఏం చేయాలి?

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది; 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. అక్టోబరు అంటే ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కరెంటు ప్లగ్గులు, బయటి నుంచి వచ్చే కేబుళ్లు అన్నీ తీసేయండి. నేల మీద ఉన్న స్విచ్‌నూ యూపీఎస్‌నూ బల్ల ఎత్తుకు చేర్చండి. టాలీ డేటా బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లండి. రాక్‌లో (స్విచ్, రౌటరు బిగించిన చట్రంలో) ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. తడిసిన పరికరాన్ని పూర్తిగా ఆరకుండా ఆన్ చేయవద్దు.

## మనిషిని పిలిచేటప్పుడు

బయటి లైను కంపెనీకి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? అవతలివారు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడతారు.

భాష కంటే లైట్ల వివరం ముఖ్యం. ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలుగుతోందంటే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని అర్థం. ఆ ఒక్క మాట చెబితే లైన్‌మన్‌ను పంపడం తప్ప వారికి వేరే దారి ఉండదు. పాన్ (PON) అనే లైటు నిలకడగా లేక మినుకుమంటుంటే అదీ చెప్పండి. రెండూ మామూలుగా ఉంటే, రౌటరుకు నేరుగా ఒక ల్యాప్‌టాప్ కలిపి చూశామని, అయినా రాలేదని చెప్పండి. లేకపోతే 'మీ ఆఫీసు లోపల చూసుకోండి' అనే జవాబే వస్తుంది. కస్టమర్ ఐడీ, ఫిర్యాదు నంబరు రాసుకోండి. పసుపు రంగు సన్నటి ఫైబర్ కేబుల్‌ను వంచకండి, దాని చివరను వేలితో తుడవకండి, కంటికి ఎదురుగా పెట్టి చూడకండి.

కేబుళ్లకు గుర్తులు ఏ భాషలో రాసి అంటించాలి?

అంకెల్లో. ఈ జిల్లాల్లో ఒకే ఆఫీసులో తెలుగు చదివేవారు, ఒడియా చదివేవారు, రెండూ చదవనివారు ఉంటారు. రేపు వచ్చే టెక్నీషియన్ ఎవరో తెలియదు. కేబుల్ రెండు చివరలా ఒకే అంకె, గోడ పెట్టె మీద అదే అంకె, స్విచ్ పోర్టు కింద అదే అంకె అంటించండి. ఏ అంకె ఎవరి బల్లో ఒక కాగితం మీద రాసి, రాక్ తలుపు లోపలివైపు అతికించండి. సీట్లు మారినప్పుడు ఆ కాగితం మీద పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తే చాలు, అంకెను మార్చనక్కరలేదు.